పదిహేడు వద్దులు

మూడు వారాలకని వెళ్ళిన నోరా తొమ్మిదో రోజునే తిరిగొచ్చేసింది.

లీలారాణి అప్పుడే ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికి వచ్చింది. కారు తాళం ఇంకా చేతిలోనే ఉంది. పక్కింటి ముందు టాక్సీ ఆగింది. డ్రైవరు పెట్టె దించి వెళ్ళిపోయాడు. నోరా గేటు పట్టుకుని నిలబడింది. తలకు చుట్టుకున్న బూడిదరంగు స్కార్ఫు ఇంకా విప్పలేదు. ఆ స్కార్ఫు లీలారాణి ఇచ్చిందే.

"ఆంటీ! ఏమైంది? ఒంట్లో బాగుందా?" అంటూ లీలారాణి పరుగున వెళ్ళింది.

"ఐ యామ్ గ్రాండ్, లవ్," అంది నోరా. తుంటి నొప్పితో మెట్లెక్కలేని రోజున కూడా బాగున్నానంటూ ఆమె చెప్పేది ఆ మాటే. "కాస్త పడుకోవాలి. రేపు మాట్లాడుకుందాం."

పెట్టె లోపలికి లాగి, లీలారాణి మొహం చూడకుండానే తలుపేసుకుంది.

కార్క్ నగరం శివార్లలో ఉన్న బాలింకాలిగ్‌లో ఆ రెండిళ్ళకీ నడిమి గోడ ఒకటే. ఎనిమిదేళ్ళ కిందట లీలారాణి, కృపాదానం పిల్లనెత్తుకుని ఈ ఇంట్లో దిగిన మర్నాడే నోరా గుడ్డలో చుట్టిన వేడి వేడి రొట్టె తెచ్చి తలుపు కొట్టింది. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకేసారి డ్యూటీ పడినప్పుడల్లా అబిగేయిల్‌ని బడి నుంచి తెచ్చుకుని, తన వంటింటి బల్ల దగ్గర హోంవర్కు చేయించింది నోరాయే. అక్షరాలా ఆ పిల్ల సగం ఆ ఇంట్లోనే పెరిగింది. క్రిస్మస్‌కి ఇంత బిర్యానీ పంపడం తప్ప ఆమె రుణం తీర్చుకునే దారి లీలారాణికి దొరకలేదు.

అందుకే ఈ వసంతంలో నోరా ఫోను పట్టుకుని వచ్చి, "నాకో సాయం చేస్తావా?" అనగానే, ఏమిటని కూడా అడక్కుండా చేస్తానంది.

నోరాకి ఒక్కతే కూతురు, ఓర్లా. కార్క్‌లో ఇంజినీరింగ్ చదవడానికొచ్చిన సాలిం అనే సౌదీ కుర్రాణ్ణి ఇష్టపడింది. వాళ్ళ మతం పుచ్చుకుని పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళి జరిగింది కార్క్‌లోనే, ఇంటికి ఇరవై నిమిషాల బస్సు దూరంలో. నోరా వెళ్ళలేదు. కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, ముందుగదిలో కూర్చుని, బస్సు వెళ్ళిపోవడం కిటికీలోంచి చూసిందట. అది జరిగి పదకొండేళ్ళు. ఓర్లా మొగుడితో వాళ్ళ దేశానికి, హొఫూఫ్ అనే ఊరికి వెళ్ళిపోయింది. అక్కడే కూతురు పుట్టింది, మరియమ్. ఆ పిల్లకిప్పుడు ఏడేళ్ళు. అమ్మమ్మకి తెలిసిందల్లా ఫోను తెర మీది పిల్లే.

"మరియమ్ నిన్ను అడుగుతోంది. మా అత్తగారూ రమ్మంటున్నారు. రా అమ్మా," అని ఓర్లా రాసింది.

"వెళ్తాను," అంది నోరా. "కానీ లీలా, ఈసారి తప్పు చేస్తే మళ్ళీ సరిచేసుకునే వయసు కాదు నాది. వాళ్ళ ఇంట్లో ఎలా ఉండాలో, ఏది తప్పో ఏది ఒప్పో నాకు తెలీదు. నువ్వు ఆ దేశంలో ఎనిమిదేళ్ళు ఉన్నావుగా. నేర్పు."

లీలారాణికి గొప్పగా అనిపించింది. నిజం చెప్పాలంటే చాలా గొప్పగా అనిపించింది.

రేపల్లె అవతల చిన్న పల్లె ఆమెది. ఇటుక బట్టీలో పనిచేసిన తండ్రికి ఆమె పెద్దకూతురు. ఆ ఇంట్లో డిగ్రీ కాగితం చూసిన మొదటి మనిషి. నర్సింగ్ పూర్తవగానే సౌదీకి, దమ్మాంలో ఒక ఆసుపత్రికి వెళ్ళింది. దిగిన రోజునే ఆఫీసులో అందరికీ ఒక కాగితం ఇచ్చారు, ఇక్కడ ఎలా నడుచుకోవాలో. తోటి పిల్లలు మడిచి సంచిలో పడేసుకున్నారు. లీలారాణి మాత్రం పరీక్షకి చదివినట్టు కంఠతా పట్టింది. ఎనిమిదేళ్ళలో ఒక్క మెమో రాలేదు, ఒక్కరి చేత మాట పడలేదు. ఆ దేశం గురించి తనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే వంటింటి బల్ల ముందు నోటుపుస్తకం వేసుకుని కూర్చుంది.

"ఏందే రాణీ, మళ్ళీ నర్సింగ్ పరీక్షగాని రాస్తన్నావా?" అన్నాడు కృపాదానం.

"నోరా ఆంటీకి అక్కడి మర్యాదలు రాసిస్తన్నానండీ. మీరు కాసేపు కదిలించమాకండి."

"మర్యాదలా? హాస్టలూ, వార్డూ, శుక్రవారం బజారుకి తీసకపోయే బస్సూ. ఈ మూడే గదే నువ్వు చూసింది. ఎవళ్ళింటి గడపన్నా తొక్కావా ఎప్పుడన్నా?"

"తొక్కకూడదనేగా రూలు! తెలిసినదాన్ని కాబట్టే తొక్కలేదు. మీకేం తెలుసు, మీరొచ్చారా చూశారా?"

"రాలేదులే తల్లీ. నువ్వు రాసుకో." అతను నవ్వుతూ టీ కప్పు పట్టుకుని ముందుగదిలోకి పోయాడు.

అబిగేయిల్ దాన్ని కంప్యూటర్లో ఎక్కించి పెట్టింది. పదిహేడు అయ్యాయి. ప్రింటు తీసి తల్లికిస్తూ, "మమ్మీ, దే ఆర్ ఆల్ డోంట్స్," అంది ముక్కు చిట్లించి. "ఏదీ చెయ్యమని లేదు. వాట్ ఈజ్ షి సపోజ్డ్ టు డూ, లైక్?"

"చెయ్యకూడనివి చెయ్యకపోతే చాలు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పమాక, ప్లాస్టిక్ కవరు తే."

"ఇట్స్ ఇన్ ద ప్రెస్," అని వంటింటి అలమారా చూపించి ఆ పిల్ల మేడ మీదికి వెళ్ళిపోయింది.

రెండు సాయంత్రాలు నోరా చేత అభ్యాసం చేయించింది లీలారాణి. ఇచ్చింది తీసుకోవద్దు, గుండె మీద చెయ్యి వేసి వినయంగా వద్దనాలి. మగవాళ్ళున్న చోట కూర్చుని తినొద్దు. ఇంటి విషయాలు, మనుషుల విషయాలు అడగొద్దు. ఏ వస్తువునీ మెచ్చుకోవద్దు, మెచ్చుకుంటే వాళ్ళు ఇచ్చేయాల్సి వస్తుంది. పిల్లల్ని అసలే మెచ్చుకోవద్దు, ముద్దు చెయ్యొద్దు. లీలారాణి ఇంటామెలాగా కప్పు చాపేది, నోరా గుండె మీద చెయ్యి వేసుకుని వద్దనేది. "ఇంకాస్త తల దించాలి ఆంటీ. ఆఁ, అట్టా." డెబ్భై నాలుగేళ్ళ మనిషి, చిన్నప్పుడు చర్చిలో ప్రశ్నోత్తరాలు అప్పజెప్పినట్టు, పదిహేడూ వరసగా అప్పజెప్పింది.

"వాళ్ళ ముందు కాగితం తియ్యొద్దు, బాగుండదు," అంది లీలారాణి చివర్న.

"తియ్యను. నా అంతట నేనే తెలుసుకుని వచ్చానని ఓర్లా అనుకోవాలి," అంది నోరా సిగ్గుపడుతూ.

నోరా తిరిగొచ్చిన మర్నాడు లీలారాణికి సెలవు. కోడికూర, అన్నం గిన్నెల్లో సర్దుకుని పక్కింటికి వెళ్ళింది. నోరా వంటింట్లో కూర్చుని ఉంది. పెట్టె ఇంకా విప్పలేదు. బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో కాగితం ఉంది, నలక్కుండా.

"ఇదిగో, నీది నీకు భద్రంగా తెచ్చాను," అంది నోరా. "ఒక్కటి కూడా తప్పలేదు లీలా. ఒట్టు. ఎక్కడ చెడిందో నాకే అర్థం కావడం లేదు."

"ఏం జరిగింది ఆంటీ?"

నోరా మెల్లగా చెప్పింది. వెళ్ళిన రోజున సాలిం తల్లి గుమ్మంలోనే ఎదురొచ్చింది. పొట్టి మనిషి, నోరా వయసే ఉంటుంది. రెండు చేతులూ చాపింది. నోరా గుండె మీద చెయ్యి వేసుకుని తల దించింది. ఆవిడ చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయాయి. లోపల పెద్ద పళ్ళెంలో ఖర్జూరాలు పెట్టి, ముక్కు పొడుగ్గా ఉన్న కెటిల్ లోంచి పిడిలేని చిన్న కప్పులో తనే స్వయంగా కాఫీ వంచి ఇచ్చింది. నోరా వద్దంది. ఆవిడ మళ్ళీ చాపింది. మళ్ళీ వద్దంది. మూడోసారి ఆవిడ ఓర్లా వైపు చూసి ఏదో అడిగింది. ఓర్లా మొహం ఎర్రబడింది.

"అందరూ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు," అంది నోరా. "ఆడవాళ్ళూ మగవాళ్ళూ, ఇంట్లోవాళ్ళే కదా. నాకు సాలిం పక్కన చోటు ఉంచారు. నేను వినయంగా లేచి నా గదిలోకి వెళ్ళాను. ఆకలి లేదన్నాను. రోజూ అంతే. ఓర్లా గదిలోకే పళ్ళెం తెచ్చి పెట్టేది. పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది."

లీలారాణి కుర్చీ అంచున కూర్చుంది. గిన్నెలు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఆవిడకి ఈమధ్యే మోకాలి ఆపరేషన్ అయిందట. కుంటుతోంది. నాకు తుంటి నొప్పి, ఆవిడకి మోకాలు. అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. మనుషుల విషయాలు అడగొద్దని కదా, ఊరుకున్నాను." నోరా వేలితో కాగితం మీద ఆ వరస తడిమింది. "ఆరో రోజున మరియమ్ బొమ్మ గీసి తెచ్చింది. నన్నే గీసింది. పచ్చ కొండ మీద నేను, పక్కన ఆవు. ఎంత బాగుందో! నేను చూసి, బల్ల మీద పెట్టేశాను. ఏమీ అనలేదు. ఆ పిల్ల నిలబడింది లీలా. చాలాసేపు నిలబడింది. తర్వాత బొమ్మ తీసుకుని వెళ్ళిపోయింది."

ఇంటి ముందు బస్సు వెళ్ళిన చప్పుడయింది. ఇద్దరూ అటు చూశారు.

"ఎనిమిదో రోజున ఓర్లా అంది. 'మమ్, నా పెళ్ళికి రాలేదు నువ్వు. ఇప్పుడు వచ్చి కూడా రాలేదు.' టికెట్ తనే మార్పించింది."

"కాగితం సంగతి చెప్పలేదా ఆంటీ? నేను చెయ్యమన్నానని?"

"ఎలా చెప్పను? నా అంతట నేనే నేర్చుకున్నాననుకోవాలని కదా."

లీలారాణి ఒళ్ళోని గిన్నెలు బల్ల మీద పెట్టింది. కాగితం అందుకుంది. తను రాసిన మాటలే. నాలుగో నంబరు, బంధువులు ఏమిచ్చినా తీసుకోవద్దు. ఎవరి బంధువులు? అక్కడ పడాల్సిన మాట రోగుల బంధువులు. ఆసుపత్రి కాగితంలో అలాగే ఉండేది. ఏడోది, వాళ్ళ ఇళ్ళ సంగతులు అడగొద్దు. పదకొండోది, పిల్లల్ని ముద్దు చెయ్యొద్దు. ఒక్కొక్కటీ చదువుతుంటే దమ్మాంలో ఆ ఆఫీసు గది, ఏసీ చల్లదనం, వరసగా నిలబడ్డ పాతికమంది కొత్త నర్సులు కళ్ళ ముందుకొచ్చారు. అవి ఆ దేశం తన చుట్టాలకి చెప్పుకునే మాటలు కావు. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఉద్యోగస్తులకి చెప్పినవి. ఎనిమిదేళ్ళూ ఆ రెండింటికీ తేడా ఉందన్న సంగతే తనకు తోచలేదు.

అప్పుడు సారా తల్లి గుర్తొచ్చింది.

కాలు కాలి రెండు నెలలు వార్డులో పడుకున్న పిల్ల సారా. రాత్రీ పగలూ కనిపెట్టుకుని కట్లు మార్చింది లీలారాణే. ఇంటికి పంపించే రోజున ఆ తల్లి ఫ్లాస్కూ, ఖర్జూరం డబ్బా, చిన్న కప్పులూ తెచ్చుకుంది. వార్డు మధ్యలో నిలబడి కప్పులో కాఫీ వంచి, "శుక్రవారం మా ఇంటికి భోజనానికి రా, నా చెల్లెలివి నువ్వు," అని, వచ్చీరాని ఇంగ్లీషులో అంది. లీలారాణి చేతులు వెనక్కి పెట్టుకుంది. "నో, నో. రూల్," అంది. ఆవిడ కప్పు అలాగే పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత కాఫీని మళ్ళీ ఫ్లాస్కులో పోసుకోలేక, తనే తాగేసి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం హాస్టల్లో లీలారాణి ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది. రూలు తప్పనందుకు.

రూలు తప్పకూడదు నిజమే. కానీ కప్పు వద్దన్నందుకు క్షమించమని ఒక్క మాట అనకూడదని ఏ కాగితంలోనూ లేదు.

"ఆంటీ," అంది. "ఇవి చుట్టాల మర్యాదలు కావు. మేం అక్కడ పనికెళ్ళినవాళ్ళం. మాకు ఇచ్చిన రూల్స్ ఇవి. నేను ఒక్కళ్ళింటికి కూడా చుట్టంగా పోలేదు. నాకు తెలీదు. తెలీదని కూడా నాకు తెలీలేదు."

నోరా మొహం అంతగా బిగుసుకోవడం లీలారాణి ఎన్నడూ చూడలేదు.

"అంటే, మా అమ్మాయి ఇంటికి నన్ను పనిమనిషిలా పంపావా?"

లీలారాణి తల దించుకుంది. అవును.

నోరా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కుంటుతూ వెళ్ళింది. అక్కడ నిలబడి, ఇటు తిరక్కుండానే అంది.

"లేదు. నిన్ను అనడం అన్యాయం. నాకు వంకలు పెట్టుకోవడం ఎప్పుడూ తేలికే. అప్పుడు పెళ్ళికి వెళ్ళకపోవడానికి నాకెవరూ కాగితం రాసివ్వలేదు. ఇప్పుడూ అంతే. ఆ పిల్ల బొమ్మ పట్టుకుని నిలబడితే, కాగితం ఏం చెప్పిందని చూసేది ఏ అమ్మమ్మ?"

"నేను చెప్పబట్టేగా ఆంటీ."

"నువ్వు చెప్పావు. నేను దాక్కున్నాను." ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆ పెట్టె పైన సంచీలో ఒకటుంది, తీసి చూడు. విమానాశ్రయంలో దిగాక కనిపించింది. సాలిం తల్లే పెట్టి ఉంటుంది, నాకు చెప్పకుండా. చెబితే వద్దంటానని. విప్పలేదు. నీకు చూపించి, తీసుకోవచ్చో లేదో అడుగుదామని ఉంచాను."

సంచీలో ఖర్జూరం డబ్బా ఉంది. దాని కింద కాఫీ పొట్లం. ఆ కిందే నాలుగు మడతలు పెట్టిన కాగితం. విప్పితే, పచ్చ కొండ, స్కార్ఫు కట్టుకున్న అమ్మమ్మ, ఆవు.

నోరా ఆ బొమ్మ తీసుకుని కుర్చీలో కూలబడింది. లీలారాణి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఇద్దరూ ఏడ్చారు. ఎవరి ఏడుపు వాళ్ళదే, కానీ ఒకే బల్ల దగ్గర.

కొంతసేపయ్యాక నోరాయే లేచి పొయ్యి వెలిగించింది. "ఎలా కాస్తారు దీన్ని?"

"తెలీదు ఆంటీ. ఒక్కసారి కూడా తాగలేదు."

పొడి నల్లగా లేదు. శొంఠిపొడిలా పాలిపోయి, ఏలకుల వాసన కొడుతోంది. పాలు పోయాలో వద్దో తెలియక ఉత్త నీళ్ళలోనే మరిగించి, టీ వడకట్టే జల్లెడతో వడకట్టారు. పిడిలేని చిన్న కప్పులు ఆ ఇంట్లో ఎక్కడివి? నోరా ప్రెస్ లోంచి ఉడికించిన గుడ్డు నిలబెట్టుకునే చిన్న కప్పులు రెండు తీసింది. ఎనిమిదేళ్ళు ఉన్న దేశపు కాఫీని లీలారాణి బాలింకాలిగ్‌లో, గుడ్డు కప్పులో, మొదటిసారి నోట పోసుకుంది. చేదుగా ఉంది. ఆ వెనక ఖర్జూరం కొరికితే బాగుంది.

"ఆంటీ, ఓర్లాకి నేను చెబుతాను. ఒప్పుకోండి. నా తప్పు నేను చెప్పుకోకపోతే నాకు అన్నం సహించదు."

నోరా ఫోను చేసింది. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు. రెండోసారి కూడా అంతే. లీలారాణి ఫోను తీసుకుని, తన గొంతు రికార్డు చేసి పంపింది. పదిహేడూ రాసింది తనే అని, మీ అమ్మ వాటిని ఇష్టంకొద్దీ నేర్చుకుందని, మీ మీద ఇష్టంకొద్దీ అని, ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నప్పుడల్లా ఆ చెయ్యి పెట్టించింది తనే అని చెప్పింది. పరీక్ష రాసినట్టు క్రమంగా చెబుదామనుకుంది గానీ మధ్యలో మాట తడబడింది. ఆ పైన, బడి నుంచి నేరుగా ఇటే వచ్చిన అబిగేయిల్ చేత, గుడ్డు కప్పు పట్టుకుని, ఒళ్ళో బొమ్మ పెట్టుకున్న నోరా ఫోటో తీయించి పంపింది.

అబిగేయిల్ బల్ల మీది ప్లాస్టిక్ కవరు చూసింది. తల్లి మొహం చూసింది. నేను ముందే చెప్పానుగా అనే వయసే ఆ పిల్లది, అయినా అనలేదు. ఓ ఖర్జూరం నోట్లో వేసుకుని నోరా పక్కన ఒరిగి కూర్చుంది.

గంట దాటాక ఫోను టింగుమంది. నోరా కళ్ళజోడు కోసం తడుముకుంటుంటే అబిగేయిల్ చదివి వినిపించింది.

"విన్నాను. ఫోటో అత్తగారికి చూపించాను. కాఫీ మరీ పల్చగా కాచారట, కుంకుమపువ్వు వెయ్యాలట. ఆవిడ నవ్వింది. నేను ఇంకా నవ్వలేను మమ్. నాకు కొంత టైం కావాలి. నేనే ఫోన్ చేస్తాను. మరియమ్‌కి మాత్రం ఉత్తరం రాయి. బొమ్మ గురించి."

అంతే ఉంది. రమ్మని లేదు.

"మళ్ళీ చదువు," అంది నోరా. అబిగేయిల్ మళ్ళీ చదివింది.

నోరా తల ఊపి, కాగితమూ పెన్నూ తెమ్మంది. రాయబోయి ఆగి, లీలారాణి వైపు చూసింది, అలవాటుగా, ఎలా రాయాలో చెబుతుందేమోనని. లీలారాణి చెప్పలేదు. తనకు తెలిసింది అయిపోయింది. ఆవిడ గురించే ఆలోచిస్తోంది, సారా తల్లి గురించి. ఓర్లాకి పంపినట్టు ఆవిడకి పంపడానికి నంబరు లేదు. ఇంటి పేరు తెలీదు. ఏ వీధో కూడా అడగలేదు. అడగొద్దన్నారు కదా.

గిన్నె అడుగున ఇంకాస్త కాఫీ మిగిలింది. చాలు అనుకుంటే కప్పుని కాస్త అటూ ఇటూ ఊపాలి. దమ్మాం వార్డులో రోగుల బంధువులు చేస్తుంటే లీలారాణి దూరం నుంచి చూసింది. పదిహేడింటిలో రాయలేదు గానీ నోరాకి అదొక్కటీ నోటితో చెప్పింది, ఎలాగూ తాగదు కదా అనుకుంటూనే.

నోరా కప్పు ఊపలేదు. ఉత్తరం మీంచి తలెత్తకుండా, పెన్ను వదిలి, ఎడం చేతిలో ఉన్న కప్పుని కుడి చేతిలోకి మార్చుకుని, ముందుకు చాపింది.

లీలారాణి కాఫీ వంచింది.